నందిని పందిని చేసిన రాత్రి

(డాలస్ దగ్గర మన తెలుగువాళ్ళ శనివారం కబుర్లలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

ముందే చెప్పేస్తున్నా, నేను వేటగాణ్ణి కాను. పగలంతా డేటాబేసులతో కుస్తీ పట్టే మనిషిని. నాలుగేళ్ళ నుంచి వీలు చిక్కినప్పుడల్లా శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ మూసేసి బూయీ వైపు కారేసుకుని పోతున్నాను, అంతే. ఇప్పటికి పదిహేడు రాత్రులు అయ్యాయి. అందులో తుపాకీ పేలింది ఆరు రాత్రులు, పంది పడింది నాలుగు రాత్రులు. మా ఆవిడ ఈ లెక్కే ఇంకోలా చెప్తుంది. పదిహేడు శుక్రవారాలు, ఐదు పందులు, తృటిలో తప్పిన ఒక దూడ అంటుంది. ఆ దూడ సంగతికి వస్తాను. అసలు దాని గురించే మాట్లాడదామని వచ్చాను, పందులు దారిలో తగులుతాయి.

బూయీ ఎక్కడో తెలుసా మీకు? ఇంగ్లీషు స్పెల్లింగు చూసి బౌవీ అంటాం మనం, అక్కడ అలా అంటే నవ్వుతారు. డాలస్ నుంచి వాయవ్యంగా పోతే మాంటేగ్ కౌంటీ, ఇంకాస్త పైకి పోతే రెడ్ రివర్, అది దాటితే ఓక్లహోమా. పొట్టి ఓక్ చెట్లు, గడ్డి బీళ్ళు, మధ్యమధ్యలో మెస్కీట్ ముళ్ళ చెట్లు. ఆ మెస్కీట్‌ని మొదటిసారి దగ్గరగా చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే అది మన సర్కారు తుమ్మకి స్వయానా దాయాది. అదే ఆకు, అదే ముల్లు, అదే కాయ. పదివేల మైళ్ళు వచ్చినా నా చొక్కా చింపడానికి అది ముందే వచ్చి కూర్చుంది.

అక్కడ ఆరువందల ఎకరాల రాంచ్ ఉన్న ఒక పెద్దాయన నాకు పరిచయం. ఎలా పరిచయమంటే అది పెద్ద కథ, వాళ్ళ అబ్బాయి నా కొలీగ్ అనుకోండి చాలు. నల్ల ఆంగస్ ఆవులు, ఎండుగడ్డి, చలికాలం గోధుమ. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన నన్ను ఏమీ అడగలేదు, ట్రక్కు ఎక్కించుకుని తిన్నగా గడ్డి చేను దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను చూసి, ఏమండీ దున్నించారా, విత్తనం ఎప్పుడు వేస్తారు అన్నాను. ఆయన నా వంక చూసి, దున్నింది నేను కాదు అన్నాడు.

రెండెకరాలు ఉంటుంది. ఒక్క రాత్రి పని. పంది ముట్టె ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, చివర గట్టి బిళ్ళలాగా ఉంటుంది. దాంతో నేలని పెళ్ళగిస్తుంది. వేళ్ళ కోసం, దుంపల కోసం, పురుగుల కోసం, ఓక్ కాయల కోసం. జానెడు లోతు, కొన్నిచోట్ల మూరెడు. మట్టి బెడ్డలు తిరగబడి, మధ్యలో గుంటలు. సరే గడ్డి పోతే పోయింది అనుకుంటాం, కానీ గడ్డి కోసే మిషను ఆ గుంటలో పడితే బ్లేడు విరుగుతుంది, ఆవు కాలు పడితే కాలు విరుగుతుంది. మళ్ళీ చదును చేయించాలి, మళ్ళీ గడ్డి పుట్టాలి, ఆ లోపు వాన వస్తే పైమట్టి వాగులో కలిసిపోతుంది. ఇక మొక్కజొన్న వేసేవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఈ రోజు విత్తనం వేస్తే రాత్రికి సాలు వెంబడే నడుచుకుంటూ ఒక్కొక్క గింజా ఏరుకుని తింటాయట. సాలు తప్పవట! పెద్దాయన ఇది చెప్తూ, మా అబ్బాయికి ట్రాక్టరు అంత తిన్నగా తోలడం రాదు అన్నాడు.

ఇది చూస్తుంటే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మాది మదనపల్లె దగ్గర పల్లె. ఇక్కడ చిత్తూరు వైపు వాళ్ళు ఎవరైనా ఉంటే మీకు చెప్పక్కర్లేదు. చెనిక్కాయ చేను కాయ పట్టిందంటే రాత్రుళ్ళు మంచె ఎక్కాల్సిందే. నేను ఏడో తరగతిలో మా నాన్నతో పాటు మంచె మీద పడుకున్నాను, పడుకున్నానే గానీ ఆయన పడుకోలేదు. రేకు డబ్బా, కర్ర, నాలుగు టపాకాయలు. చేను చుట్టూ పాత చీరలు కట్టేవాళ్ళు. మంగలి షాపు నుంచి జుట్టు మూట కట్టి తెచ్చి గట్ల మీద చల్లేవాళ్ళు, పంది నేల వాసన చూస్తూ వస్తుంది కదా, వెంట్రుకలు ముక్కులోకి పోయి వెనక్కి తిరుగుతుందని. తిరిగేదా? కొన్నాళ్ళు తిరిగేది. తర్వాత దానికీ అలవాటయ్యేది.

అయితే ఒక తేడా ఉంది, ఇది గట్టిగా చెప్పాలి. మన అడవి పంది మనదే. ఆ కొండల్లో మనకంటే ముందు నుంచి ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద దానికి రక్షణ ఉంది, అనుమతి లేకుండా దాన్ని చంపితే నేరం. ఇక్కడి పంది ఇక్కడిది కాదు. అమెరికా ఖండంలో అసలు పందే లేదు, కొలంబస్ తర్వాత స్పెయిన్ వాళ్ళు ఓడల్లో తెచ్చారు. 1539లో డి సోటో అనే ఆయన ఫ్లోరిడాలో దిగినప్పుడు సైన్యం తిండికని పందుల్ని తోలుకుంటూ వచ్చాడు. ఆయన పోయాక మిగిలిన దండు 1542లో టెక్సాస్ దాకా వచ్చింది. తర్వాత వలస రైతులు పందుల్ని ఊరి మీదికి వదిలేసి కావాల్సినప్పుడు పట్టుకునేవాళ్ళు, పట్టుకోనివి అడివి పాలయ్యాయి. ఇది చాలదన్నట్టు 1930ల్లో కొందరు షోకు కోసం, వేటాడుకోవడానికని, యూరప్ అడివి పందుల్ని తెచ్చి వదిలారు. రెండూ కలిశాయి. ఇప్పుడున్నది ఆ సంకరం. అంటే చూడండి, ఈ తగులాటానికి వేటే సగం కారణం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు టెక్సాస్‌లో ఎన్ని ఉన్నాయి అంటారా? ఇరవై లక్షలు దాటాయనే అందరూ చెప్పేది, లెక్కపెట్టడానికి అవేమన్నా క్యూలో నిలబడతాయా. మొత్తం అమెరికాలో అరవై లక్షల పైమాటే అంటారు, నష్టం, అదుపు ఖర్చు కలిపి ఏడాదికి 250 కోట్ల డాలర్ల వరకు అని కేంద్ర వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్తున్నారు. 2019 ఆగస్టులో ఎవరో ఒకాయన ట్విట్టర్లో, నా పిల్లలు ఆడుకుంటుంటే ముప్ఫై యాభై పందులు పెరట్లోకి వస్తున్నాయి, ఏం చేయమంటారు అని అడిగితే ప్రపంచమంతా నవ్వింది, నేను కూడా నవ్వాను, మీమ్‌లు ఫార్వర్డ్ చేశాను. అదే ఏడాది నవంబరులో హ్యూస్టన్ తూర్పున అనహువాక్ దగ్గర, తెల్లవారకముందు వృద్ధుల ఇంటికి పనికి వెళ్ళిన ఒకామెని పందులు చంపేశాయి. అలాంటివి చాలా అరుదు. అయినా ఆ తర్వాత ఆ మీమ్ చూస్తే నాకు నవ్వు రాలేదు.

సరే, చట్టం గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఇది వినగానే మీలో కొందరు వచ్చే శుక్రవారమే బయల్దేరేలా ఉన్నారు, మొహాలు చూస్తుంటే తెలుస్తోంది. టెక్సాస్‌లో పందికి సీజను లేదు, ఇన్నే అని పరిమితి లేదు, రాత్రి వేటాడొచ్చు, లైట్లు వాడొచ్చు. 2019 సెప్టెంబరు 1 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే పందుల వేటకి లైసెన్సు కూడా అక్కర్లేదు. బాగుంది కదా? బాగుంది. ఇప్పుడు చెప్పండి, ఇక్కడ హెచ్-1 ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళు ఎంతమంది? ఎఫ్-1 చదువు వీసా? చేతులెత్తక్కర్లేదు లెండి. ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. స్నేహితుడిదైనా సరే, ఐదు నిమిషాలైనా సరే. దీనికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లే వేట లైసెన్సు చేతిలో ఉండటం. చూశారా మెలిక! రాష్ట్రమేమో పందికి లైసెన్సు అక్కర్లేదంటుంది, కానీ మీరు తుపాకీ పట్టుకోవాలంటే కేంద్రానికి ఆ లైసెన్సే కావాలి. రాష్ట్రం మాట పట్టుకుని పోయి ఫెడరల్ కేసులో ఇరుక్కుంటే గ్రీన్ కార్డు సంగతి ఇక మర్చిపోవచ్చు. నేను లాయర్ని కాదు, మీ లాయర్ని అడగండి. నేను మాత్రం అప్పుడు హెచ్-1 మీద ఉన్నాను కాబట్టి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేశాను, 1971 సెప్టెంబరు 2 నాడు గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళందరికీ అది తప్పనిసరి, తర్వాత లైసెన్సు తీసుకున్నాను. అది ఆగస్టు 31తో అయిపోతుంది. అది మర్చిపోయి సెప్టెంబరులో వెళ్ళారంటే మళ్ళీ మొదటికే.

ఆ కోర్సులో ఒక ప్రశ్న ఉంటుంది. దేన్ని కాలుస్తున్నావో తెలుసుకో, దాని వెనకాల ఏముందో కూడా తెలుసుకో. నేను నూటికి నూరు తెచ్చుకున్నాను. మనవాళ్ళం కదా, పరీక్ష అంటే వదలం.

ఇక ఆ రాత్రి. అక్టోబరు చివర, నా మొదటి వేట. అమావాస్య దగ్గర పడింది, కటిక చీకటి. పెద్దాయన చేసిన మొదటి పని ఏంటో తెలుసా? జేబులోంచి చిన్న పౌడరు సీసా తీసి గాల్లోకి నొక్కాడు. పౌడరు ఉత్తరం వైపు పోయింది. అంటే దక్షిణపు గాలి. కాబట్టి మనం ఉత్తరం నుంచే పోవాలి, గాలి పంది వైపు నుంచి మన మీదికి రావాలి. పందికి చూపు అంతంత మాత్రం, ముక్కు మాత్రం దేవుడిచ్చింది. మొన్న రాత్రి తిన్న పప్పు పోపు వాసన కూడా దానికి తెలుస్తుంది అన్నాడు, నా వంక చూసి కాదు లెండి, మామూలుగా. మంగలి షాపు జుట్టు గుర్తొచ్చింది నాకు. అక్కడా ఇక్కడా యుద్ధమంతా దాని ముక్కుతోనే.

గేమ్ వార్డెన్‌కి, అంటే వేట చట్టాలు చూసే అధికారికి, ముందే ఫోన్ చేసి చెప్పాడు, ఈ రాత్రి ఫలానా చోట ఉంటాం అని. చెప్పి తీరాలని లేదు, కానీ చెప్పకపోతే అర్ధరాత్రి లైట్లు, చప్పుళ్ళు చూసి ఎవరో జింకల దొంగలనుకుని పక్క రాంచ్ వాళ్ళు షెరీఫ్‌కి ఫోన్ చేస్తారు. రాత్రిపూట జింకని కాలిస్తే ఇక్కడ నేరం.

తుపాకీ మీద థర్మల్ స్కోప్ ఉంది. ఎప్పుడైనా చూశారా? అది వెలుతురుని చూడదు, వేడిని చూస్తుంది. నల్లటి తెర మీద వెచ్చగా ఉన్నదల్లా తెల్లగా మెరుస్తుంది. కుందేలు మెరుస్తుంది, చెట్టు మీద గుడ్లగూబ మెరుస్తుంది, ఎండకి కాగిన బండరాయి రాత్రి పదింటికి కూడా మెరుస్తూనే ఉంటుంది, అప్పుడే వేసిన పేడ కూడా మెరుస్తుంది. మొదటి అరగంట నేను దాన్ని కంటికి పెట్టుకుని వదల్లేదు. నిజం చెప్పాలంటే మత్తు లాంటిది అది. చీకట్లో లోకమంతా పడుకుని ఉంటే మనకొక్కళ్ళకే అన్నీ కనపడుతున్నాయన్న గర్వం వస్తుంది. ఆ గర్వమే చెడగొడుతుంది. అన్నీ కనపడతాయి, కానీ రంగు కనపడదు, ఈక తోక తేడా కనపడదు, దూరం సరిగ్గా అంచనాకి అందదు. కనపడేది వేడి ముద్ద, దాని ఆకారం. అది ఏ జంతువో తేల్చేది స్కోప్ కాదు, మన బుర్ర.

పదకొండు దాటాక వాగు ఒడ్డున ఐదు ముద్దలు కనపడ్డాయి. తలలు కిందికి, మెడ లేనట్టు, ముందు భాగం బరువుగా, వెనక సన్నగా. పందులే. ఒకటి తల ఎత్తకుండా నేలని తోసుకుంటూ ముందుకు పోతోంది, పెద్దాయన చెవిలో చెప్పాడు, చూడు, మేసే జంతువు నాలుగు పరకలు తిని తలెత్తుతుంది, పంది తలెత్తదు అని. నూట ఇరవై గజాలుంటుంది. ఆయన ఆ ఐదింటిని చేతి థర్మల్‌తో చూస్తున్నాడు. నేను కొంచెం ఎడమకి తిప్పాను. అక్కడ ఆరోది. విడిగా, పొట్టిగా, బలిసిన ముద్ద, తల కిందికి వేసి ఉంది. నేను అనుకున్నాను, ఇదీ నా పంది. మందలోంచి విడిగా ఉంది, వెనకాల మట్టి గట్టు ఉంది, తూటా ఎటూ పోదు, చదువుకున్నదంతా సరిపోయింది. సేఫ్టీ తీశాను. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది. నా గుండె చప్పుడు నాకు వినపడుతోంది.

అప్పుడు నా తుపాకీ గొట్టం మెల్లగా నేల వైపు వంగింది. నేను వంచలేదు. పెద్దాయన చెయ్యి దాని మీద ఉంది. ఏమీ అనలేదు ఆయన. నెమ్మదిగా సేఫ్టీ వెనక్కి వేశాడు. నాకు కోపం కూడా వచ్చింది, అరే మంచి ఛాన్సు పోగొట్టాడే అని. తర్వాత ఆయన నోట్లో నాలుకతో టక్ టక్ అని ఒక చప్పుడు చేశాడు. ఆరో పంది తలెత్తింది. నిటారుగా మెడ, పక్కలకి చెవులు. అంబా అంది.

నవ్వండి, నవ్వండి. నేను కూడా ఇప్పుడు నవ్వుతున్నాను. అప్పుడు మాత్రం కాళ్ళు వణికి గడ్డిలో కూర్చుండిపోయాను.

మనకో మాట ఉంది కదా, వాడు నందిని పందిని చేయగలడు, పందిని నందిని చేయగలడు అని. మాయగాళ్ళనీ, మాటకారులనీ అంటాం. నేను ఏ మాయా లేకుండా, నాలుగువేల డాలర్ల కెమెరా పెట్టుకుని, నందిని పందిని చేశాను. మూడు నెలల పెయ్యదూడ. చెవికి పసుపు ట్యాగు ఉంది, పగలైతే పావు మైలు నుంచి కనపడుతుంది. వేడిని చూసే కంటికి పసుపు రంగు ఏం తెలుస్తుంది? దూడలు ఆ పొలంలో ఉండకూడదు కూడా, ఆవుల్ని అవతలి బీడులో పెట్టాడు ఆయన. మర్నాడు పొద్దున్నే పోయి చూస్తే తేలింది, పందులు ఫెన్సు కింద మట్టి తవ్వి దూరిపోయే కంత చేశాయి, ఆ కంతలోంచే దూడ ఇటు వచ్చింది. పందులు దున్నిన దారిలో వచ్చి, పందుల పక్కన నిలబడి, పంది చావు చావబోయింది పాపం.

నాకు బాగా నాటుకున్నది అదే. ఇంటర్నెట్లో ఈ వేట వీడియోలు చూస్తుంటారు కదా, తెల్లటి ముద్దలు టపటపా పడిపోతుంటాయి, వెనకాల సంగీతం. పదిహేడు రాత్రుల్లో పదకొండు రాత్రులు నేను ఒక్క తూటా కూడా పేల్చలేదన్నానే, అందులో సగం రాత్రులు పందులు రాక కాదు. గాలి మారిందని, అవతల ఇంటి దీపం ఉందని, వెనకాల తూటాని ఆపే మట్టి లేకుండా పంది గట్టు మీద ఆకాశానికి అడ్డంగా నిలబడిందని, జంతువేదో నూటికి నూరుపాళ్ళు తేలలేదని. రాత్రి వేటంటే ఎక్కువ భాగం ఇదే, కాల్చకుండా ఇంటికి రావడం. వీడియో తీసేవాళ్ళు ఆ భాగం పెట్టరు.

సరే, కాల్చిన రాత్రుల సంగతి? అదీ చెప్తాను. తర్వాతి ఫిబ్రవరిలో పెద్దాయన గోధుమ చేలో పద్నాలుగు పందుల మంద దిగింది. ఆడపందులూ పిల్లలూ కలిసి గుంపుగా తిరుగుతాయి, పెద్ద మగపంది ఒంటరిగా తిరుగుతుంది. ఇద్దరం కలిసి కాల్చాం, రెండు పడ్డాయి. మిగతా పన్నెండు నాలుగు దిక్కులకీ పోయాయి. నాకు పండగలా ఉంది. ఫొటో తీసుకుందాం అన్నాను. పెద్దాయన మొహంలో మాత్రం ఏమీ లేదు. ఇప్పుడు అవి పక్కాయన చేలో పడతాయి, మూడు వారాల తర్వాత మళ్ళీ నా చేలోకే వస్తాయి, ఈసారి ఇంకా తెలివిగా వస్తాయి అన్నాడు. మూడు వారాలు కాదు, పదహారు రోజులకే వచ్చాయి. అదీ తెల్లవారుజామున మూడింటికి, మనం ఇంటికి పోయాక.

లెక్క ఇది. ఆడపంది ఆరు నుంచి ఎనిమిది నెలలకే చూలుకి వస్తుంది. చూలు మోసేది మూడు నెలల మూడు వారాల మూడు రోజులు, దాదాపు అంతే, అక్కడి రైతులు అలాగే గుర్తుపెట్టుకుంటారు. ఈతకి నాలుగు నుంచి ఆరు పిల్లలు, ఒక్కోసారి ఏడాదికి రెండు ఈతలు. ఈ లెక్కన ఉన్న పందుల్లో ఏటా మూడింట రెండు వంతులు తీసేస్తే గానీ సంఖ్య ఉన్నచోట నిలబడదు. తగ్గడం కాదు, నిలబడటం! తుపాకులు, బోన్లు, కుక్కలు, అన్నీ కలిపినా అంత కావడం లేదు. 2011లో హెలికాప్టర్ నుంచి కాల్చుకోవడానికి డబ్బులు కట్టి సీటు కొనుక్కోవచ్చని చట్టం తెచ్చారు. 2017లో హాట్ ఎయిర్ బెలూన్ నుంచి కూడా కాల్చొచ్చన్నారు, నిజంగానే, నేను కల్పించడం లేదు. బెలూన్‌ని పంది మీదికి ఎలా తోలుతారో ఆ చట్టం చేసినవాళ్ళకే తెలియాలి. అదే ఏడాది ఎలుకల మందు లాంటిది పెడదామన్నారు, వేటగాళ్ళు, ఇతరులు గొడవ చేస్తే అప్పటికి ఆగిపోయింది.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట. టెనెసీ రాష్ట్రం వాళ్ళు 1999లో, పందులు పెరుగుతున్నాయి కదా, జనానికి వదిలేద్దాం, అందరూ వేటాడితే తగ్గుతాయి అని రాష్ట్రమంతా వేట తెరిచారు. ఏమైంది? అంతకు ముందు కొద్ది కౌంటీల్లోనే ఉన్న పంది, పన్నెండేళ్ళలో రాష్ట్రంలో చాలా కౌంటీలకి పాకింది. ఎలా? వేట సరదా మరిగినవాళ్ళు పందుల్ని ట్రక్కుల్లో వేసుకుని పోయి తమకి దగ్గరగా ఉన్న అడివిలో వదిలారు. 2011లో మళ్ళీ వేట మూసేసి, భూమి యజమానులకి, ప్రభుత్వ మనుషులకి అప్పగించారు. వేట సరదా అయినప్పుడు, పంది ఖాళీ అవ్వాలని వేటగాడు ఎందుకు కోరుకుంటాడు చెప్పండి? నేను కూడా కోరుకోలేదు కదా. ఒప్పుకుంటున్నాను. రెండు పడగానే నాకు కావాల్సింది ఫొటో.

మరి ఆ పన్నెండు ఏమయ్యాయి? బోనుతో పట్టాడు పెద్దాయన. బోనంటే మనం అనుకునే పెట్టె కాదు, ఇనప జాలీ పలకలతో గుండ్రంగా ఒక దొడ్డి, పైనుంచి పడే గేటు, దానికో సెల్ కెమెరా. లోపల నానబెట్టి పులియబెట్టిన మొక్కజొన్న. ఆ వాసన ఉందే, నా కారు ఎక్కనివ్వలేదు నేను ఆ బకెట్‌ని. అసలు కిటుకు గేటులో లేదు, ఓపికలో ఉంది. రెండు వారాలు గేటు ఎత్తే ఉంచి ఊరికే మేపాడు. కెమెరాలో రోజూ లెక్క. ఆరు వచ్చాయి, గేటు వేయలేదు. తొమ్మిది, వేయలేదు. పదకొండు. పన్నెండోది ముసలి ఆడపంది, ఒక చెవి చినిగి ఉంటుంది, అది గేటు బయటే నిలబడి చూసేది, మిగతావి మేస్తుంటే కాపలా కాసే అమ్మలాగా. పదకొండు పడితే చాలదా అని నేను ఫోన్ చేసి అడిగాను. ఆయన అన్నది ఏంటంటే, ఆ ఒక్కటీ బయట ఉంటే, జన్మలో ఇంకెప్పుడూ బోను తొక్కదు, దాని పిల్లలకీ నేర్పుతుంది, నేను ఈ పదకొండునీ మళ్ళీ ఏడాదిన్నరలో చూస్తాను అని. పంతొమ్మిదో రాత్రి, మూడు గంటల పది నిమిషాలకి, అది లోపల కాలు పెట్టింది. ఆయన మంచం మీద పడుకునే ఫోన్‌లో బటన్ నొక్కాడు. ఒక్క తూటా లేదు. పొద్దున్నే, పందుల్ని ప్రాణాలతో కొనే వ్యాపారి ట్రైలర్ తీసుకుని వచ్చి పౌండు లెక్కన తీసుకుపోయాడు. ఆ గోధుమ చేలో తర్వాత పద్నాలుగు నెలలు ముట్టె గుర్తు లేదు.

మాంసం గురించి అడుగుతున్నారు వెనక నుంచి. బాబాయ్, మీరు అడుగుతారని నాకు తెలుసు. తినొచ్చు. కోసేటప్పుడు చేతికి గ్లోవ్స్ తప్పనిసరి, బ్రూసెల్లోసిస్ అనే జబ్బు రక్తం నుంచి మనకి అంటుకుంటుంది. 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉడకాలి, మధ్యలో ఎర్రగా ఉంచుకునే సోకులు దీనికి పనికిరావు. పిల్ల పంది అయితే మన మసాలాకి బ్రహ్మాండంగా ఉంటుంది, ముసలి మగపంది అయితే కుక్కర్ అరుగుతుంది గానీ అది ఉడకదు.

ఇంకొకరు అడిగింది, ఇవన్నీ మన ఊళ్ళో పనికొస్తాయా అని. తుపాకీ పనికిరాదు, చట్టం వేరు, అడివి వేరు, ఎకరం అర ఎకరం చేలు, చీకట్లో గట్టు మీద ఎవడు నడుస్తాడో తెలియదు. మనవాళ్ళు కొందరు చేను చుట్టూ తీగ కట్టి కరెంటు ఇస్తారు చూడండి, పందికి పెట్టిన తీగకి తెల్లారి నీళ్ళు పెట్టడానికి పోయిన మనిషి పడి చచ్చిపోయిన వార్త ఏటా చదువుతూనే ఉంటాం. అదీ నేను చేయబోయినట్టే కదా. చీకట్లో వచ్చేది ఏదో చూసుకోని ఆయుధం అది. మా నాన్నకి ఈ బోను సంగతి ఫోన్‌లో చెప్పాను. అంతా విని, అన్ని రోజులు ఊరికే మొక్కజొన్న ఎవరు పోస్తారు రా అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆరువందల ఎకరాల ఆసామికి పంతొమ్మిది రోజుల మేత ఖర్చు కాదు, మా నాన్నకి ఉన్నది రెండెకరాలు.

ఆఖరికి ఆ దూడ. ట్యాగు నంబరు 318. పెద్దాయన దాన్ని అమ్మలేదు, మందలోనే పెంచాడు. గడిచిన మార్చిలో తొలిచూలు ఈనింది, నల్ల కోడెదూడ. నేను ఎప్పుడు వెళ్ళినా చీకటి పడ్డాక ఆయన ట్రక్కు ఆపి, టార్చి దాని మీద వేసి, నా వైపు తిరిగి ఒకటే అడుగుతాడు, ఇదేంటి చెప్పు అని. నేను చెప్పేదాకా బండి కదలదు.